రెండు పలకలు

మార్కాపురంలో పలకంటే రాసుకునేది.
మా వీధిలో మాత్రం అడగాల్సి వచ్చేది
ఏ పలకని.

నాయన కోసేది నల్లరాయి.
తర్లుపాడు రోడ్డులో షెడ్డు, తడిపిన రంపం,
సాయంత్రానికి కనురెప్పల దాకా బూడిద.
తాత కొట్టేది తోలు.
వరిగడ్డి మంట మీద కాచి
గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని
"ఆఁ, లేచింది" అనేవాడు
నిద్రపోయిన మనిషి సంగతి చెప్పినట్టు.

నేను ఎన్‌సీసీలో చేరింది
నిజం చెప్పాలంటే పరేడు రోజు పెట్టే పూరీల కోసం.
పెద్ద డ్రమ్ము మొయ్యలేనని
సైడ్ డ్రమ్ము నా నడుముకి తగిలించారు.

హవల్దారు నేగీ గారిది ఎక్కడో మంచుకొండల ఊరు.
మా ఎండని శత్రుదేశంలా చూసేవాడు.
ఆయన మొదటి పాఠం:
కుడిచేత్తో రెండు, డాడీ.
ఎడమచేత్తో రెండు, మమ్మీ.
డాడీ మమ్మీ డాడీ మమ్మీ
చేటలోంచి కందులు జారినంత వేగం వచ్చేదాకా.
మా ఇంట్లో ఎవరినీ డాడీ అన్నది లేదు.

డ్రమ్ము ఇంటికివ్వరు.
షెడ్డులో తీసేసిన పలకలుంటాయి కదా,
అంచు విరిగినవి, చార పడ్డవి,
వాటి మీద కొట్టేదాన్ని.
వారానికొకటి పగిలేది.
చెక్కచట్రాలు బిగిస్తున్న అమ్మ తలెత్తి
"డాడీని కాస్త మెల్లగా కొట్టవే" అనేది.

తాత వినేవాడు, ఏమీ అనేవాడు కాదు.
ఒక్కసారి మాత్రం నా ఎడమ మణికట్టు పట్టుకుని
"ఇది సిటికెన పుల్ల చెయ్యి.
కుడిచెయ్యి మాట, ఇది గుసగుస.
రెండూ ఒకే గొంతుతో అరిస్తే
ఇంక వినేది ఎవురే, ఎలీసమ్మా" అన్నాడు.

బ్యాడ్జి పరీక్ష ఒంగోలులో.
పొదిలి మీదుగా బస్సు,
ఒళ్ళో కాగితంలో చుట్టిన తెల్ల గ్లౌజులు.
తేజ్ చల్ బాగానే నడిచింది.
పొడుగు రోలు దగ్గర ఎడమచెయ్యి
వెంట్రుకవాసి వెనకపడింది,
పడ్డది ఊరుకోక ముందుకి దూకింది.
నేను కొట్టలేదు, అది కొట్టింది.
కవాతు వరసలో ఒకమ్మాయి నడుము కదిలింది.
"యే మేలా నహీ హై" అన్నాడు సుబేదారు.
మేలా అంటే జాతరని
తిరుగు బస్సులో ఎవరో చెప్పారు.

నాలుగు నెలలు ఎడమచేతికి బడి పెట్టాను.
పదహారు పలకలు.
గోడగడియారం కింద కూర్చోబెట్టి
గుసగుస మాన్పించాను.
రెండోసారి సుబేదారు నా వైపు చూడను కూడా చూడలేదు.
పాసైతే అంతేనట.

అరచేతి సగం గుడ్డముక్క, ఎర్ర అంచు,
పసుపు దారంతో డ్రమ్ము, అడ్డంగా రెండు పుల్లలు.
అమ్మ వంకరగా కుట్టింది.
నేగీ గారు స్కేలు పెట్టి చూసి విప్పించారు.
అమ్మ దీపం దగ్గరికి జరిగి
పళ్ళతో దారం తెంపి
మళ్ళీ కుట్టింది.

ఆగస్టు పదిహేనున తాత వచ్చాడు.
కాలేజీ గోడ బయట నిలబడ్డాడు.
గేటులోంచి లోపలికి రమ్మంటే
"నాకిక్కడ అలవాటే" అన్నాడు.

రాత్రి అన్నం దగ్గర అడిగాను.
ముద్ద మింగి, నీళ్ళు తాగి
"బాగుంది పిల్లా. గీత గీసినట్టుంది.
ఎవురు సచ్చారో, ఎవురింట్లో పెళ్ళో
అదొక్కటే తెలీలేదు" అన్నాడు.
అందరం నవ్వాం.
నేనెందుకు నవ్వానో నాకిప్పటికీ తెలీదు.

చదువు అయిపోయాక యూనిఫాం తిరిగిచ్చెయ్యాలి.
బ్యాడ్జీలు విప్పుకుని ఇవ్వమన్నాడు స్టోరు గుమాస్తా.
నాది బలపాల డబ్బాలో ఉంది.
ఆ చొక్కా ఇప్పుడు ఏ పిల్ల ఒంటి మీదుందో.
ఎడమ జబ్బ మీద చూసుకుంటే
సూది బెజ్జాలు రెండు వరసలు కనిపిస్తాయి,
ఒకటి తిన్నగా,
దాని కింద ఒకటి వంకరగా.